ఎక్కేవాడి జేబులో ఫ్యూజు

ఇంటి నుంచి,
జనవరి 12

తమ్ముడికి,

నువ్వు వెళ్ళి నెల దాటింది. వచ్చినవి రెండు కార్డులు. రెండింటిలోనూ "నేను బాగున్నాను" తప్ప ఇంకో ముక్క లేదు. మా కోర్టులో ఇలాంటి వాంగ్మూలం ఇచ్చినవాణ్ణి జడ్జిగారు మళ్ళీ బోనెక్కిస్తారు. టైపు కొట్టలేక చచ్చేది నేను.

మీ బావ కాలి కట్టు విప్పారు. కర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తున్నారు. డాక్టరు బెంగ కాలి గురించి కాదు, తల గురించి. డిష్షుకి గ్రీజు పెట్టడానికి మేడ మీద నిచ్చెన ఎక్కి పడినరోజు ఆయన చెప్పిందీ, ఇంట్లో ఉన్న నువ్వు చెప్పిందీ ఒకటి కాదు కదా. "నిచ్చెన మీద నుంచి ఫ్యూజు తీశావా అని అరిచాను, తీశాను బావా అన్నాడు, కాసేపటికి డిష్షు కదిలి నన్ను తోసింది" అని ఆయన. ఆయనే ఫ్యూజు తీసి జేబులో వేసుకుని ఎక్కారని నువ్వు. ఆసుపత్రివాళ్ళు రాసిన జాబితాలో "చొక్కా జేబులో గాజు ఫ్యూజు ఒకటి" అని ఉంది. ఫ్యూజు జేబులో ఉంటే మోటారు తిరగదు. మోటారు తిరగకపోతే డిష్షు కదలదు. కాబట్టి నిచ్చెన మీద ఆయనకి స్పృహ తప్పిందనీ, జరగనిది జరిగినట్టు గుర్తుండిపోయిందనీ డాక్టరు తేల్చారు.

దానికి మాత్రలు. అవి వేసుకుంటే పొద్దున పది దాకా లేవరు. సోల్డరింగ్ కడ్డీ పట్టుకోకూడదు, సైకిలెక్కకూడదు, ఒంటరిగా రోడ్డు దాటకూడదు. టీవీ షాపు షట్టరు నువ్వు దించి వెళ్ళిన రోజు నుంచి అలాగే ఉంది. జూన్‌లో మళ్ళీ చూసి, మాత్రలు జీవితాంతమా కాదా చెబుతారట.

ఇప్పుడు నీతో పని. డిష్షు కదలడం లేదు. సాయంత్రం అయితే ఆకాశం ఈ చివర నుంచి ఆ చివరకి డిష్షు తిప్పుకుంటూ, అర్థంకాని భాషల్లో వార్తలు చూస్తూ కూర్చోవడం ఆయనకి ఎంత ఇష్టమో నీకు తెలుసు. ఇప్పుడు ఒక్క ఛానెలే వస్తోంది. ఇద్దరు మనుషులు పొద్దస్తమానం తివాచీలు అమ్ముతుంటారు. మీ బావకి ఆ భాషలో ఇరవై దాకా అంకెలు వచ్చేశాయి.

ఆసుపత్రి పొట్లంలోంచి ఫ్యూజు తీసి మోటారు పెట్టె వెనక పెట్టాను. రిమోటు నొక్కితే పెట్టెలో చిన్న చప్పుడు. అంతే. పెట్టె మీద 231 అని ఎర్ర అంకె వెలుగుతోంది, మారడం లేదు. నువ్వు ఆయన శిష్యుడివి. ఏం చెయ్యాలో వరసగా రాయి.

అక్క

*

టవరు స్టేషను క్వార్టర్లు,
జనవరి 25

అక్కా,

ఇక్కడ ఫోను ఒకటే, అది పెద్దసారు బల్ల మీద ఉంటుంది. మాట్లాడాలంటే ఆయన ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడాలి. అందుకని చెయ్యలేదు. పని బాగానే ఉంది. కొండ మీద నాలుగు గదులు, ఒక టవరు, ముగ్గురం మనుషులం. వంటకి వంతులు. నా వంతు రోజున మిగతా ఇద్దరికీ ఆకలి ఉండదు.

డిష్షు సంగతి. నువ్వు పెట్టిన ఫ్యూజు పాతది, పనికిరాదు. పారెయ్. కొత్తది తెచ్చుకో. ఇత్తడి టోపీ మీద చెక్కిన అంకె అదే ఉండాలి. దొరకలేదని సిగరెట్ కాగితం చుట్టకు, పెట్టె కాలిపోతుంది. ప్లగ్గు లాగేసి, పాత ఫ్యూజు తీసి, కొత్తది పెట్టి, అప్పుడు ప్లగ్గు పెట్టు.

231 అనే అంకెని పట్టించుకోకు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ పెట్టె ఇష్టమొచ్చిన అంకె చూపిస్తుంది.

పైకి మాత్రం ఎవరూ ఎక్కవద్దు. ముఖ్యంగా నువ్వు. ఆ నిచ్చెన మంచిది కాదు. ఏం చేసినా కిందనుంచే చెయ్యి.

బావని అడిగానని చెప్పు.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
ఫిబ్రవరి 9

తమ్ముడికి,

కొత్త ఫ్యూజులు మూడు తెచ్చాను. మొదటిది పెట్టి రిమోటు నొక్కాను. పైనుంచి మూలిగినట్టు ఒక శబ్దం, రెండు క్షణాలు. టప్పుమని ఫ్యూజు పోయింది. రెండోది కూడా అంతే. మూడోది దాచాను. అంకె 231 దగ్గర నుంచి కదల్లేదు. కరెంటు నాలుగుసార్లు పోయి వచ్చింది, అప్పుడూ 231యే.

పాత ఫ్యూజు పారెయ్యలేదు. కోర్టులో పనిచేసేవాళ్ళు ఏదీ పారెయ్యరు. మీ బావ దాన్ని కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చూశారు. లోపల తీగ లేదు, గాజంతా నల్లగా ఉంది. "ఇది కాలిన ఫ్యూజు. ఆ పొద్దున డిష్షు తిప్పాను, బాగా తిరిగింది. మంచి ఫ్యూజు తీసి జేబులో వేసుకుంటే అది కాలిందెలా?" అన్నారు. దాన్ని తీసుకుని మళ్ళీ పొట్లంలో వేశాను. ఆయనే, "ఏమో, ఎక్కడిదో కాలినది వేసుకున్నానేమో. గుర్తులేదు" అన్నారు.

అలా అనడం ఈమధ్యే మొదలైంది. మొదట్లో ఎవరొచ్చినా "డిష్షు కదిలింది" అని వాదించేవారు. ఎదురింటి కంపౌండరుతో గట్టిగా గొడవ పడ్డారు కూడా. ఇప్పుడు వాదన లేదు. డాక్టరు అది మంచి లక్షణం అంటున్నారు. నాకలా అనిపించడం లేదు. నిన్న షాపు తాళంచెవి నా చేతిలో పెట్టి, "నీ దగ్గరుంచు, నేనెక్కడైనా పారేస్తాను" అన్నారు. ముప్ఫై ఏళ్ళలో ఆయన ఒక స్క్రూ కూడా పారెయ్యలేదు.

తర్వాతేం చెయ్యాలో రాయి.

అక్క

*

టవరు స్టేషను,
ఫిబ్రవరి 27

అక్కా,

ఉత్తరం ఆలస్యమైంది. జ్వరం.

ఫ్యూజులు పాతబడితే జేబులో ఉన్నా పాడవుతాయి. దాని గురించి బావని ఆలోచించనివ్వకు.

కొత్తవి పోతున్నాయంటే తీగలు ఒకదానికొకటి తగులుతూ ఉండాలి. పెట్టె వెనక నాలుగు తీగలుంటాయి. లావువి రెండు మోటారుకి, సన్నవి రెండు అంకె లెక్కపెట్టడానికి. ప్లగ్గు లాగేసి లావువి రెండూ విప్పు. బావ మీటరు షాపులో రెండో అరలో ఉంటుంది. తీగలు గోడ వెంట ఎలుక కొట్టాయేమో చూడు. మేడ మెట్ల దాకా చూస్తే చాలు. తర్వాత, తీగలు విప్పి ఉండగానే, మూడో ఫ్యూజు పెట్టి పెట్టె వెనక మీటరు పెట్టి రిమోటు నొక్కు. ముప్ఫై ఆరు వోల్టుల దరిదాపుల్లో చూపించాలి. చూపించకపోతే పెట్టె పాడైంది, నాకు పార్సిల్ చెయ్యి, నేను బాగుచేసి పంపుతాను.

బావకి రాత్రి మాత్ర ఒకటి తగ్గించమని డాక్టర్ని అడగలేవా? ఊరికే అడుగుతున్నాను.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
మార్చి 20

తమ్ముడికి,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. తీగలు బాగున్నాయి. ఎలుక లేదు. మీటరు ముప్ఫై అయిదు చూపించింది. పెట్టె బాగుంది. ఫ్యూజు పోలేదు. తీగలు మళ్ళీ కలిపి నొక్కగానే పోయింది. అంటే తప్పు పైన ఉంది. నాకే అర్థమైంది, నీకెందుకు అర్థం కాలేదు?

జేబులో పాడయ్యే ఫ్యూజు గురించి మీ బావకి చదివి వినిపించాను. చాలా రోజుల తర్వాత నవ్వారు. "నా జేబులో అంత కరెంటుంటే వీధంతటికీ దీపాలు పెట్టేవాణ్ణి" అన్నారు. తర్వాత అడిగారు: "మనవాడు ఇంకా పైకెళ్ళి చూడమనలేదా?" లేదన్నాను. "రెండు ఉత్తరాల్లో ఒక్కసారీ అనలేదా?" అనలేదు, వద్దన్నాడు అన్నాను. నాకు తెలియదు, ఆయన చెబితే తెలిసింది: నువ్వు పనిలో చేరిన మొదటి వారమంతా నీచేత స్క్రూడ్రైవరు కూడా పట్టనివ్వలేదట. చేతులు వెనక్కి కట్టుకుని చూడమన్నారట. ముందు కళ్ళు, తర్వాత చేతులు, ఆ తర్వాతే మీటరు. "వాడు ఇది మరిచిపోయేవాడు కాదే" అన్నారు. అని, తల కిందికి దించుకుని, "లేక అది కూడా నేను నేర్పించాననుకుంటున్నానా?" అన్నారు.



ఇంకో సంగతి. ఆయన నోటుపుస్తకం తీశాను. ఏ ఉపగ్రహానికి డిష్షు ఏ అంకె మీద ఆగాలో అందులో రాసుకున్నారు. 198, 214, 240, ఇంకా పది. గ్రీజు పెట్టేటప్పుడు డిష్షుని 214 మీద నిలబెడతారు. పడినరోజు తారీకు ఎదురుగా ఆయన దస్తూరీతోనే "214, గ్రీజు" అని ఉంది. 231 అనేది ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. అక్కడ ఆపాల్సిన పని ఎవరికీ లేదు.

పదిహేనేళ్ళుగా వాంగ్మూలాలు టైపు చేస్తున్నాను. సాక్షి చెప్పిందాంట్లో ఎక్కడ తేడా వస్తుందో వేళ్ళకి తెలుస్తుంది, కాస్త నెమ్మదిస్తాయి. ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తూ నెమ్మదించాయి. ఎందుకో నేను రాయను.

అక్క

*

టవరు స్టేషను,
ఏప్రిల్ 8

అక్కా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చింపాను. ఇక్కడ నాతో ఉండే ఇద్దరిలో ఒకాయన నా గదిలో చెత్తబుట్ట చూసి, "ఎవరా అమ్మాయి?" అని అడిగాడు. అక్క అని చెప్పాను. నమ్మలేదు.

ఇదే మొదటి ఉత్తరంలో రాయాల్సింది. ఇప్పుడు రాస్తున్నాను.

ఒకటి, ప్లగ్గు లాగెయ్. పెట్టెలో ఫ్యూజు ఉంటే, మంచిదైనా కాలిందైనా, తీసి ఎక్కేవాళ్ళ జేబులో వెయ్యి. అది బావ పెట్టిన నియమం. ఎక్కేవాడి జేబులోనే ఫ్యూజు ఉండాలి, కిందున్నవాడి చేతిలో కాదు. కిందున్నవాడు దేవుడైనా సరే అనేవాడు.

రెండు, నిచ్చెన బాగానే ఉంది. అబద్ధం చెప్పాను. ఎనిమిదో మెట్టు దాకా ఎక్కు. కింద ఎవరైనా పట్టుకోవాలి.

మూడు, డిష్షు ముందు నుంచి ఏమీ కనపడదు. వెనక్కి తొంగిచూడు. మోటారులోంచి వచ్చే ఇనుప రాడ్డు డిష్షుని తోసే చోట ఒక కీలు ఉంటుంది. తలుపు బందులాంటిది, అరచెయ్యి అంత. ఆ కీలులో చూడు.

అక్కడ ఏమున్నా లాగకు. ముందు చూడు. ఏముందో, ఎలా ఉందో రాసుకో. బావకి చూపించు. పడ్డాక నేను పైకెక్కి చూడలేదు. కానీ ఏముంటుందో నాకు తెలుసనుకుంటున్నాను. ఫ్యూజులు పోతున్నది అందుకే.

చూశాక నన్ను ఏదడగాలో నీకే తెలుస్తుంది. అడుగు.

తమ్ముడు

*

ఇంటి నుంచి,
ఏప్రిల్ 19

నీకు,

ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకి ఎక్కాను. మీ బావ మేడ మీద కుర్చీ వేయించుకుని, మంచికాలితో నిచ్చెన అడుగున తొక్కిపెట్టి, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. కింది వాటాలో టైలరు ఇంకోవైపు పట్టుకున్నాడు. ఎక్కబోతుంటే మీ బావ నా జాకెట్టు వైపు చూసి, "జేబు లేదే" అన్నారు. ఫ్యూజు కొంగున ముడి వేసుకున్నాను.

కీలులో ఒక పానా ఇరుక్కుని ఉంది. పదమూడో నంబరు. పిడికి ఎర్ర టేపు చుట్టి ఉంది. మీ బావది. ఒక నోరు నట్టు మీద ఉంది. రెండో కొస రాడ్డుకీ డిష్షు వెనక పట్టీకీ మధ్య నలిగి, వేలు వంచినట్టు వంగిపోయింది. చేత్తో పట్టుకుంటే అంగుళం కూడా కదల్లేదు. ఆయన చెప్పమంటే ఉన్నదున్నట్టు చెప్పాను. బొమ్మ గీసుకున్నాను. టైలర్ని కూడా ఎక్కించి చూపించాను. సాక్షి ఉండాలి.

తర్వాత మోటారు బోల్టు విప్పితే పానా ఊడింది. కిందికి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.  "నట్టు బిగిస్తుంటే కదిలింది. చెయ్యి లాక్కున్నాను, పానా వదిలేశాను. పట్టీ వచ్చి భుజానికి తగిలింది" అన్నారు. తర్వాత, "అయితే నా తల బాగానే ఉంది" అన్నారు.

ఆ మాట ఆయన నాతో అనలేదు, టైలరుతో అన్నారు. ఎందుకంటే నేను ఆయన్ని నమ్మలేదు. నవంబరు నుంచి రోజూ ఆ మాత్రలు నా చేత్తో నేను వేశాను. ఆయన వద్దంటే, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి వేశాను. నా తమ్ముడు అబద్ధం ఆడడు కాబట్టి నా మొగుడి తల చెడింది అనుకున్నాను. అమ్మ పోయినప్పుడు నీకు ఏడేళ్ళు. అన్నం తినిపించాను, అక్షరాలు దిద్దించాను. ఆయన పని నేర్పించారు. ఇద్దరిలో ఒకర్నే నమ్మాల్సి వస్తే నేను నిన్ను నమ్మాను. ఇది నీ ఒక్కడి తప్పు కాదు. నా వంతు నాకుంది. అది నేను చూసుకుంటాను.

నిన్ను అడగాల్సింది ఒకటే. అది నాది కాదు, ఆయనది. ఆ రోజు నిచ్చెన మీద నుంచి అడిగారు. మళ్ళీ అడుగుతున్నాను.

ఫ్యూజు తీశావా?

*

టవరు స్టేషను,
మే 2

అక్కా,

తీయలేదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నువ్వు టైపు చేసి డాక్టరుకి ఇవ్వు. కింద సంతకం పెట్టాను. మా పెద్దసారు సాక్షిగా పెట్టాడు. ఆయనకి చదివి వినిపించాకే పెట్టించాను.

నవంబరు 16, ఆదివారం. మధ్యాహ్నం మూడున్నర. నువ్వు సంతకెళ్ళావు. బావ నిచ్చెన ఎక్కాక ఫ్యూజు సంగతి గుర్తొచ్చి పైనుంచి అరిచాడు. నేను టీవీ ముందు కూర్చుని ఉన్నాను. వేరే ఛానెల్లో నాకు కావాల్సిన మ్యాచి ఉంది. అది 240లో వస్తుంది. డిష్షు 214 మీద ఉంది. బావ దిగగానే 240కి తిప్పుకోవాలని చూస్తున్నాను. ఫ్యూజు తీయాలంటే బల్ల ముందుకు లాగి పెట్టె వెనక్కి వెళ్ళాలి. బద్ధకమేసింది. "తీశాను బావా" అన్నాను. "అయితే తెచ్చి నా జేబులో వెయ్యి" అన్నాడు. "ఆఁ, వస్తున్నా" అన్నాను. వెళ్ళలేదు.

పైన సుత్తి చప్పుడు వినిపిస్తూ ఉంది. అది ఆగింది. గ్రీజు డబ్బా కోసం దిగాడనుకున్నాను. అనుకున్నానంతే, చూడలేదు. 240 నొక్కాను. అంకెలు మారుతూ వచ్చాయి. 231 దగ్గర ఆగిపోయాయి. అదే సమయానికి పైన పడిన శబ్దం.

పైకి పరిగెత్తాను. బావకి స్పృహ లేదు. కాలు వంగి ఉంది. అంబులెన్సుకి ఫోను చెయ్యడానికి కిందికొచ్చాను. ఫోను పెట్టేశాక బల్ల లాగి ఫ్యూజు తీశాను. ఇందాక లాగడానికి బద్ధకమేసిన బల్లే. ఫ్యూజు చేతికి వెచ్చగా తగిలింది. అంబులెన్సులో బావ తల నా ఒళ్ళో ఉంది. పక్కన కూర్చున్న మనిషి సెలైను సీసా కట్టడానికి అటు తిరిగినప్పుడు దాన్ని బావ చొక్కా జేబులో వేశాను.

ఆ అబద్ధం ఒక్క రోజుకే అనుకున్నాను. బావ బతికితే చాలు, లేచాక చెప్పేద్దామనుకున్నాను. లేచాడు. "డిష్షు కదిలింది" అన్నాడు. గదిలో నువ్వున్నావు, డాక్టరున్నాడు. అందరూ నా వైపు చూశారు. ఫ్యూజు బావ జేబులోనే దొరికింది కదా అన్నాను. బావ చొక్కా జేబు ఉండాల్సిన చోట తడుముకుని నన్ను చూశాడు. ఆ చూపులో అనుమానం లేదక్కా. నా మీద అనుమానపడి ఉంటే అక్కడే చెప్పేసేవాణ్ణేమో. తన మీద తనే అనుమానపడ్డాడు.

ఈ ఉద్యోగానికి దరఖాస్తు ఆ రాత్రే రాశాను. పెట్టె పార్సిల్ చెయ్యమన్నది 231 చెరిపేద్దామని. పాత ఫ్యూజు పారెయ్యమన్నది కూడా అందుకే. బాగుచెయ్యడానికని రాసిన ప్రతి ఉత్తరమూ బాగుపడకుండా చెయ్యడానికే రాశాను. పని తెలిసినవాడు చెయ్యగలిగిన నీచం అది. ఏది చూడకూడదో తెలియాలంటే ఏది చూడాలో తెలిసుండాలి.

క్షమించమని అడగను. డాక్టరు ఇంకా ఏదైనా అడగాలంటే వస్తాను. లేకపోతే నువ్వు రమ్మనే దాకా రాను.

తమ్ముడు

*

షాపు నుంచి,
జూన్ 14

శిష్యా,

నేను ఉత్తరాలు రాసేవాణ్ణి కాదు. రసీదులు రాసే చెయ్యి. తప్పులుంటే సర్దుకో.

జూన్ దాకా ఆగకుండా మే నెలలోనే వెళ్ళాం, డాక్టరు నీ కాగితం రెండుసార్లు చదివాడు. పానా బల్ల మీద పెట్టించుకుని చూశాడు. నన్ను గంటసేపు ఏవో లెక్కలు, ఏవో పేర్లు అడిగాడు. మధ్యలో నేను తివాచీల భాషలో ఇరవై దాకా లెక్కపెట్టి వినిపించాను, ఆయన అది రాసుకోలేదు. మాత్రలు మూడు వారాల్లో తగ్గించుకుంటూ ఆపెయ్యమన్నాడు. పదిహేను రోజులుగా ఆరింటికే లేస్తున్నాను. మీ అక్క గుమ్మం దగ్గర నిలబడి నేను రోడ్డు దాటడం చూస్తోంది. ఇవతల ఒడ్డు నుంచి చెయ్యూపాను. లోపలికి వెళ్ళిపోయింది.

డిష్షు కదిలింది. కీలు నలిగింది, సానపెట్టి సరిచేశాం. ఫ్యూజు నిలబడింది. 198 నుంచి 240 దాకా తిరుగుతోంది. కొంచెం కిర్రుమంటోంది. ఆ రోజు గ్రీజు సగమే పెట్టాను.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం. ఈ ఇంట్లో అబద్ధాలు చాలు. పడ్డందుకు కాదు. పడ్డవాళ్ళని ముగ్గుర్ని చూశాను ఈ వృత్తిలో, నేను నాలుగోవాణ్ణి. పొద్దున అద్దం ముందు మొహం కడుక్కుంటూ, ఇది నేనేనా, నాకు నిజంగా గుర్తున్నది ఏదైనా ఉందా అని ఆరు నెలలు అనుకున్నాను చూడు, అది. నీకు పని నేర్పానన్నది కూడా కల్పించుకున్నానేమో అనుకున్న రోజుంది. దానికి ఏ సామాను వేసి బాగుచెయ్యాలో నాకూ తెలియదు.

కానీ ఏప్రిల్‌లో నువ్వు పంపిన వరస చదివాను. ఒకటి, రెండు, మూడు. అందులో తప్పు లేదు. చూడు, లాగకు, చూపించు. అది నేను నేర్పిందే. నేనే నేర్పానని నాకు రూఢి అయింది ఆ కాగితం చూశాకే.

మిగతా సగం గ్రీజు ఉంది. నాకు నిచ్చెన ఎక్కే కాలు లేదిప్పుడు. ఇంకెవర్నీ ఆ డిష్షు ముట్టనివ్వను. సెలవు దొరికినప్పుడు రా. ఈసారి నువ్వెక్కు. కింద బల్ల దగ్గర నేను కూర్చుంటాను, రిమోటు నా చేతిలో ఉంటుంది. ఫ్యూజు తీశావా అని నన్ను అడగకు. బల్ల నువ్వే లాగి, నువ్వే తీసి, నీ జేబులో వేసుకుని ఎక్కు.

మీ అక్క నీకు ఇంకా ఉత్తరం రాయడం లేదు. రెండుసార్లు కాగితం తీసి పెట్టింది. పైన "తమ్ముడికి" అని రాసి ఉంది. కింద ఏమీ లేదు. ఆ కాగితం నేను తీయలేదు, నువ్వూ తొందర పెట్టకు.

బావ